స్కాచ్ పీపా, తండా కుండ

సింగిల్ మాల్ట్ స్కాచ్ రుచి చూడడానికి ఒక పద్ధతి ఉంది. చిన్న గ్లాసులో కొంచెం పోసి ముందు రంగు చూస్తారు. తర్వాత వాసన. ఆపైన రెండు చుక్కల నీళ్లు కలిపి ఒక గుక్క. షెర్రీ పీపాలో పెరిగిన సరుకైతే ఎండుద్రాక్ష, అంజీరు, దాల్చినచెక్క గుర్తుకొస్తాయంటారు. సారాకు మనకూ ఒక పద్ధతి ఉండేది. మొదటి ధారను నిప్పుల మీద చల్లి మంట చూసేవాళ్లు. తాగే ముందు పెద్దల పేర నేల మీద నాలుగు చుక్కలు వదిలేవాళ్లు. వాళ్లది రసికత అయింది, మనది నేరమైంది. ఇదెట్లా జరిగిందో చూడాలి.

షెర్రీ అనేది స్పెయిన్ దక్షిణాన హెరెజ్ ప్రాంతపు ద్రాక్షసారా. అది ఓక్ పీపాల్లో బ్రిటన్‌కు వచ్చేది. ఖాళీ అయిన పీపాలు చవకగా దొరికేవి కాబట్టి స్కాట్లాండ్ వాళ్లు వాటిలో తమ విస్కీ పోసిపెట్టారు. ఇవాళ వేల రూపాయలు పలికే ఆ రంగూ రుచీ పొదుపులోంచి పుట్టినవే.

స్కాట్లాండ్ కొండల్లో రైతులు కూడా ఒకప్పుడు పన్ను కట్టకుండా దొంగచాటుగా బార్లీ సారా కాచినవాళ్లే. 1823లో అక్కడి ఎక్సైజ్ చట్టం మారింది. ఏడాదికి 10 పౌండ్ల లైసెన్సు రుసుము, సుంకమూ కడితే ఎవరైనా కాచుకోవచ్చన్నారు. 1824లో గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకున్నాడు. దొంగసారా కాచే ఇరుగుపొరుగు బెదిరిస్తే రెండు పిస్తోళ్లు వెంటబెట్టుకొని తిరిగాడట!

మన కథ వేరు. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసిన లంబాడీలు రైళ్లొచ్చి బతుకుదెరువు పోయాక తండాలు కట్టుకున్నారు. అడవి పక్క గూడేల్లో ఇప్పపువ్వుతో, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు తండాల్లో ఎక్కువగా బెల్లంతో సారా కాచేవాళ్లు. నిజాం కాలపు ఆబ్కారీ పద్ధతిలో ఆ హక్కు వేలం పాడిన కాంట్రాక్టరుకు పోయింది. 1316 ఫసలీ నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం దాన్ని ఇంకా గట్టిచేసింది. నిజాం పోయినా, 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చినా తండా కుండకు లైసెన్సు రాలేదు.

విస్కీ అనిపించుకోవాలంటే కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలని వాళ్ల చట్టం. ఆబ్కారీ జీపు వచ్చేలోగా కాచి అమ్మాల్సినవాళ్లకు 3 ఏళ్లెక్కడివి? తొందర పెరిగిన కొద్దీ నల్లబెల్లం, పటిక, నవసాగరం కుండలో చేరాయి. అది గుడుంబా. దాన్ని మన సంస్కృతి అని నేను వెనకేసుకురాను. దానివల్ల తండాల్లో ఎందరు ఆడవాళ్లు చిన్న వయసులోనే విధవలయ్యారో అందరికీ తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పోరాటం ఊరికే పుట్టలేదు. 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరి 16న మొత్తం మద్యం నిషేధించారు. 1997లో నిషేధం సడలినప్పుడు కంపెనీ సీసాలు తిరిగొచ్చాయి, సారా రాలేదు.

2021లో తెలంగాణ మద్యం దుకాణాల్లో ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. అంటే కంపెనీ సరుకు అమ్ముకోవచ్చు. మధ్యప్రదేశ్ మాత్రం 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి ఆదివాసులకే కాచే వీలిచ్చింది. మన దగ్గర తండా దారిలో నల్లబెల్లం బస్తా పట్టుబడితే ఇప్పటికీ కేసే.