చిన్నప్రేగులో ట్రిప్సిన్: గొర్రెల చిటుక రోగం, మనుషుల పిగ్‌బెల్

తొలకరి వానలు పడి పచ్చిక లేచాక గొర్రెల మందల్లో ఉన్నట్టుండి చావులు మొదలవుతాయి. సాయంత్రం కడుపు నిండా మేసి దొడ్డికి చేరిన పిల్ల తెల్లారేసరికి కాళ్లు బిగదీసుకుని, మెడ వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. పోయేది మందలోని బక్కపిల్ల కాదు, పాలు బాగా తాగి, మేత బాగా మేసి ఒళ్లు చేసిన పిల్ల. తెలుగు కాపరులు దీన్ని చిటుక రోగం అంటారు. పశువైద్య శాస్త్రంలో దీని పేరు ఎంటెరోటాక్సీమియా, అంటే ప్రేగులో పుట్టిన విషం నెత్తురులో కలవడం. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాలవే కాబట్టి ఇక్కడ ఈ రోగం చిన్న విషయం కాదు.

రోగకారకమైన క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాను 1892లో విలియం వెల్చ్, జార్జ్ నట్టల్ వర్ణించారు. ఇది మట్టిలోనూ, ఆరోగ్యంగా ఉన్న మనుషుల, పశువుల ప్రేగుల్లోనూ కొద్దిపాటిగా ఎప్పుడూ ఉండేదే. ప్రాణవాయువు లేనిచోట తగిన తిండి, వెచ్చదనం దొరికితే పది నిమిషాల లోపే ఒకటి రెండవుతుంది. విడుదల చేసే విషాలను బట్టి దీన్ని మొదట ఏ నుంచి ఈ వరకు అయిదు రకాలుగా విభజించారు. 2018లో ఎఫ్, జీ రకాలు చేరాయి. గొర్రెల చిటుక రోగం డీ రకం పని, దాని ఆయుధం ఎప్సిలాన్ విషం. సీ రకం ఆయుధం బీటా విషం.

ఈ రెండు విషాల గతిని నిర్ణయించేది చిన్నప్రేగులోని ఒక జీర్ణరసం. క్లోమగ్రంథి స్రవించే ట్రిప్సినోజెన్ ఆంత్రమూలంలోకి చేరాక అక్కడి ఎంటెరోకైనేజ్ దాన్ని ట్రిప్సిన్‌గా మారుస్తుంది. మాంసకృత్తులను తుంచడం ట్రిప్సిన్ పని. బాక్టీరియా విషాలూ మాంసకృత్తులే. బీటా విషాన్ని ట్రిప్సిన్ ముక్కలు చేసి పనికి రాకుండా చేస్తుంది. ఎప్సిలాన్ విషయంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. బాక్టీరియా వదిలినప్పుడు అది దాదాపు నిర్వీర్యంగా ఉంటుంది, ట్రిప్సిన్ దాని కొసలను కత్తిరించాకే ప్రాణాంతకమవుతుంది. కాబట్టి రోగమంతా సూక్ష్మజీవిదే అనుకుంటే సగమే తెలిసినట్టు. మిగతా సగం తిండిలోనూ, జీర్ణరసంలోనూ ఉంది.

గొర్రె తిన్న గింజల పిండిపదార్థం మామూలుగా పెద్దపొట్టలోనే చాలావరకు పులిసిపోతుంది. ఎండుమేతకు అలవాటుపడిన జీవం ఒక్కసారిగా లేతపచ్చికలో పడినా, కోతలైన చేలో రాలిన కంకులు మేసినా ఆ క్రమం తప్పుతుంది. అరగని పిండిపదార్థం చిన్నప్రేగులోకి జారుతుంది. పాలు ఎక్కువగా తాగే పిల్లల్లోనూ ఇలాగే జరుగుతుంది. బాక్టీరియాకు అదే విందు. పుట్టిన విషం ప్రేగు గోడను వదులు చేసి నెత్తురులోకి దూరి, మెదడులో సన్నని రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. మెదడు ఉబ్బి గిలగిలా కొట్టుకోవడం, మెడ విరుచుకోవడం అందువల్లే. మేకల్లో తీరు కొంత వేరు. వాటిలో పెద్దప్రేగు కూడా వాచి, విరేచనాలు రోజుల తరబడి సాగవచ్చు.

చచ్చిన గొర్రెను కోసి చూస్తే గుండె చుట్టూ ఉన్న సంచిలో గడ్డిరంగు నీరు కనిపిస్తుంది, గాలి తగిలిన కాసేపటికి అది జెల్లీలా గడ్డకడుతుంది. మూత్రపిండం పైపొర ఒలిచి నీటిధార కింద పట్టుకుంటే మెత్తబడిన కండ కొట్టుకుపోతుంది. మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర ఉండవచ్చు. అయితే ఎండకు కొన్ని గంటలు పడి ఉన్న ఏ కళేబరంలోనైనా మూత్రపిండాలు మెత్తబడతాయి, ఈ సంగతి మరవకూడదు. బాక్టీరియా కనబడినంత మాత్రాన కూడా రోగం రుజువు కాదు, అది ప్రతి ప్రేగులో ఉండేదే. చనిపోయిన వెంటనే చిన్నప్రేగు ముక్కను రెండు కొసలా ముడివేసి, మంచులో పెట్టి ప్రయోగశాలకు పంపితే, లోపలి ద్రవంలో ఎప్సిలాన్ విషం ఉందో లేదో తేలుతుంది.

మనుషుల్లో సీ రకం తెచ్చే రోగం పాపువా న్యూగినీ కొండప్రాంతాల్లో పిగ్‌బెల్ పేరుతో ప్రసిద్ధమైంది. 1960లలో మరెల్, ఆయన సహచరులు దీన్ని వివరించారు. అక్కడి వాళ్ల రోజువారీ తిండి చిలగడదుంప, మాంసకృత్తులు చాలా తక్కువ. ఎప్పుడో వచ్చే పండుగకు పందులను కోసి, గుంటలో కాల్చిన రాళ్ల మీద ఆకులు కప్పి ఉడికిస్తారు. సరిగా ఉడకని మాంసంతో పాటు బాక్టీరియా కడుపులోకి పోతుంది. మాంసకృత్తులు చాలని తిండి వల్ల ట్రిప్సిన్ ఊరడమే తక్కువ. ఊరిన కొద్దిపాటినీ చిలగడదుంపలోని ట్రిప్సిన్ నిరోధకాలు అడ్డుకుంటాయి. ప్రేగుల్లోని ఏలికపాములూ అలాంటి నిరోధకాలనే వదులుతాయి. అడ్డులేని బీటా విషం చిన్నప్రేగు నడిమి భాగమైన జెజునం గోడను అక్కడక్కడ కుళ్లబెడుతుంది. కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు, కడుపుబ్బరం, వాంతులు దీని లక్షణాలు, ఎక్కువగా బలయ్యేది పిల్లలు. ద్రవాలు, యాంటీబయాటిక్‌లు ఇచ్చి ప్రేగుకు విశ్రాంతినిస్తారు. కుళ్లిన భాగాన్ని కోసి తీసేయాల్సిన సందర్భాలూ ఉంటాయి. గ్రెగర్ లారెన్స్ వంటి పరిశోధకుల కృషితో 1980 నుంచి అక్కడి పిల్లలకు బీటా టాక్సాయిడ్ (నిర్వీర్యం చేసిన బీటా విషం) టీకా వేయడంతో ఆసుపత్రుల్లో చేరికలు బాగా తగ్గాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకలితో అలమటించిన ఉత్తర జర్మనీలోనూ ఇదే రోగం డార్మ్‌బ్రాండ్ పేరుతో కనిపించింది. చిలగడదుంప లేని ఆ చలిదేశంలోనూ కరువుతిండి వెన్నంటి ఇదే రోగం రావడం గమనించదగినది.

పంది పిల్లలను సీ రకం, అవి పుట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే చంపుతుంది. దీనికి కారణం జున్నుపాలలో ఉంది. తల్లినుంచి వచ్చే రక్షక పదార్థాలు అరిగిపోకుండా జున్నుపాలలో ట్రిప్సిన్ నిరోధకాలుంటాయి. బీటా విషానికీ ఆ గొడుగే దొరుకుతుంది. తల్లికి ఈనక ముందే టీకా వేస్తే అవే జున్నుపాలు విషానికి విరుగుడును కూడా మోసుకొస్తాయి.

గొర్రెల్లో చికిత్సకు వ్యవధి దొరకడం అరుదు గనుక భారమంతా టీకా మీదా, మేపు మీదా ఉంటుంది. హైదరాబాద్ శాంతినగర్‌లోని పశువైద్య జీవౌషధ సంస్థ చిటుక రోగం టీకా తయారుచేస్తుంది. దాన్ని వానలకు ముందు, మే నెలలో వేయిస్తారు. తొలిసారి వేసే పిల్లలకు రెండు వారాల తర్వాత మరో మోతాదు కావాలి. మేకల్లో ఈ టీకా గొర్రెల్లో ఇచ్చినంత గట్టి రక్షణ ఇవ్వదు. తొలకరి పచ్చికలోకి తోలే ముందు మందకు కాస్త ఎండుమేత వేసి, మొదటి రోజుల్లో మేత గంటలు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటుపడతాయి, చిన్నప్రేగుకు అరగని పిండి చేరదు.