ఆవు పెట్టిన రెండు మచ్చలు

మా అక్క కూతురికి నెలా పదిహేను రోజులు. ఎడమ భుజం మీద బఠాణీ గింజంత పొక్కు లేచింది, చీము పట్టింది, ఒకరోజు పొద్దున్న చితికింది. గరివిడిలో మా అమ్మమ్మగారి ఇల్లు ఆ పూట అట్టుడికిపోయింది. అక్క ఏడుపు, అమ్మ కంగారు. ఏఎన్ఎమ్‌కి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వేసింది. "పుట్టగానే బీసీజీ వేశారు కదమ్మా, అది ఇలాగే అవుతుంది. ఏమీ రాయకండి. దానంతటదే ఎండి మచ్చ పడుతుంది" అని పెట్టేసింది.

అమ్మమ్మ మాత్రం పాప చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఓలమ్మో, ఇది అమ్మోరి పొక్కులాగే ఉందే" అంది. తర్వాత తన ముంజేతి మీది మచ్చలు చూపించింది. పాత పావలా బిళ్ళంత వెడల్పు, మధ్యలో ముడతలు పడిన చర్మం. అవి మశూచి టీకా మచ్చలు. మా అమ్మ 1971లో పుట్టింది. ఆవిడకి మశూచిదీ ఉంది, బీసీజీదీ ఉంది. అక్కకీ నాకూ బీసీజీ ఒక్కటే. పాపకి ఇప్పుడు పడబోతోంది. నాలుగు తరాల చేతులు ఒకే మంచం మీద పక్కపక్కన కనపడ్డాయి. ఆ రెండు మచ్చలూ అసలు ఎక్కడి నుంచి వచ్చాయా అని వెతకడం మొదలుపెట్టింది ఆ రోజే.

ముందు మాట సంగతి. మనకి 'టీక' అనగానే వ్యాఖ్యానం గుర్తొస్తుంది. మందు పేరుగా వచ్చిన టీకా వేరు. ఉత్తరాదిన టీకా అంటే బొట్టు, గుర్తు. జెన్నర్‌కి ముందే బెంగాల్ వైపు మశూచి పొక్కుల రసాన్నే చర్మంలోకి గీసి, తేలికపాటి జబ్బు తెప్పించి, పెద్ద జబ్బు రాకుండా కాచే 'టీకాదారులు' ఉండేవారు. అంటే మనం మందుని దాని మచ్చ పేరుతో పిలుస్తున్నామన్నమాట. ఇంగ్లీషువాడు 'వ్యాక్సిన్' అన్నాడు. అది లాటిన్‌లో ఆవు అనే మాట నుంచి పుట్టింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు పొదుగు మశూచి సోకిన ఒక పాలమ్మాయి చేతి పొక్కు నుంచి రసం తీసి ఎనిమిదేళ్ళ కుర్రాడికి ఎక్కించాడు. అక్కడి నుంచి వచ్చిన పేరు.

ఆ ఆవు మందు మన దేశానికి వచ్చిన దారి నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పుడు ఫ్రిజ్‌లు లేవు. సీసాలో పోస్తే ఎండకి చచ్చిపోయేది. దాన్ని బతికించి తేవడానికి నమ్మదగిన మార్గం, మనుషుల చేతులు. ఒక పిల్లకి టీకా వేసి, వారం తర్వాత ఆ పొక్కు రసం తీసి ఇంకో పిల్లకి. వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రా దాటుకుంటూ 1802లో బొంబాయి చేరింది. జూన్ 14న అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పిల్ల చేతి మీద పొక్కు సరిగ్గా లేచింది. ఈ దేశంలో ఆ మొదటి రోజుల్లో వేసిన టీకాలన్నీ ఆ పిల్ల చేతి నుంచి పారినవే. ఆ ఏడాదే మద్రాసుకీ చేరింది. మద్రాసు నుంచి కలకత్తాకి ఓడలో పంపించారు, దారి పొడుగునా ఒక కుర్రాడి తర్వాత ఇంకో కుర్రాడికి అంటిస్తూ. భీమిలి ఎదురుగా ఉన్న మన సముద్రం మీదుగానే పోయి ఉంటుంది ఆ ఓడ. ప్రపంచ దేశాల సహకారం అంటే మనకి జెనీవాలో గుండ్రటి బల్లలు, జెండాలు గుర్తొస్తాయి. మొదటి సహకారం మాత్రం పేర్లు కూడా సరిగా రాసుకోని పిల్లల చేతుల మీద జరిగింది. ఆ పిల్లల్ని ఎవరూ అడగలేదు. ఆ సంగతి పక్కన పెట్టి ఈ చరిత్రని వీరగాథలా చెప్పుకోవడం నాకు చేతకాదు.

మనవాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? మశూచి అంటే జబ్బు కాదు, అమ్మ పోయడం. వేపమండలు కట్టి, చల్ల పోసి, శాంతించమని మొక్కాలి తప్ప అమ్మ మీద కత్తి గాటు పెట్టకూడదు. ఇది తెలిసిన తెల్లవాడొకడున్నాడు. మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ఇంకో రకంగా తెలుసు ఈయన: 1816లో కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాట జతచేసి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలకి తోబుట్టువని వాదించినవాడు. అదే ఎల్లిస్ టీకా కోసం ఒక పురాణకథ అల్లాడు. అమ్మవారు ధన్వంతరితో మాట్లాడుతుంది, గోవు నుంచి వచ్చిన ఈ మందు తన దయేనని చెబుతుంది. దొంగ పురాణమే. కానీ చేతులు కట్టేసి పొడవడం కన్నా కథ చెప్పి ఒప్పించాలనుకున్నాడు చూడండి, ఆ ఆలోచన తర్వాత నూటయాభై ఏళ్ళలో వచ్చిన చాలామంది అధికారులకి రాలేదు.

అమ్మమ్మ దగ్గర ఆ తర్వాతి కథ ఉంది. ఆవిడ చిన్నప్పుడు ఈ ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 తర్వాత ఆంధ్ర. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడే దాకా చీపురుపల్లి తాలూకాలో, శ్రీకాకుళం జిల్లాలో. "టీకాలోళ్ళొత్తన్నారంటే జీడితోటలోకి పరుగెట్టీవోళ్ళం" అంటుంది. వాళ్ళ దగ్గర చిన్న ఇనప బిళ్ళ ఉండేదట, కింద ముళ్ళతో. చేతి మీద మందు చుక్క వేసి, ఆ బిళ్ళ ఆనించి గిర్రున తిప్పేవారు. రెండు చోట్ల, ఒక్కోసారి నాలుగు చోట్ల. పుండు పడి నెల రోజులు పనికి పోలేకపోయేవారట. ఆ పనిముట్టు గురించి తర్వాత చదివాను. రోటరీ లాన్సెట్ అంటారు. దాన్ని పిల్లల మీద వాడటం క్రూరమని చూసినవాళ్ళే రాశారు. అమ్మమ్మ జీడితోటలోకి పారిపోవడంలో అజ్ఞానం ఎంతో, బిళ్ళ భయం ఎంతో నాకు విడదీసి చెప్పడం కష్టం.

1958లో మినియాపొలిస్‌లో జరిగిన ప్రపంచ ఆరోగ్య సభలో సోవియట్ ప్రతినిధి విక్టర్ జ్దానోవ్ మశూచిని భూమ్మీదే లేకుండా చేద్దామని ప్రతిపాదించాడు. అమెరికా గడ్డ మీద, ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో. రష్యా ఎండకి చెడిపోని ఎండబెట్టిన టీకా మందుని కోట్ల డోసుల్లో ఉచితంగా ఇచ్చింది. మనకి వచ్చిన మందులో ఎక్కువ భాగం అదే. తర్వాత యునిసెఫ్ యంత్రాలతో మన దేశంలోనే నాలుగుచోట్ల తయారీ మొదలైంది. అందులో ఒకటి హైదరాబాదు, ఇంకొకటి మద్రాసు గిండీ. దూడల చర్మం మీద పెంచి తీసేవారు. 1966లో ఈ కార్యక్రమానికి ప్రత్యేకం డబ్బు ఇవ్వాలా వద్దా అని ఓటు పెడితే రెండంటే రెండు ఓట్ల తేడాతో గట్టెక్కింది. ముళ్ళ బిళ్ళ పోయి రెండు మొనల సూది వచ్చింది. బెంజమిన్ రూబిన్ కనిపెట్టిన ఆ సూదికి అమెరికన్ కంపెనీ రాయల్టీ అడగలేదు. పదిహేను పోట్లు, అయిపోయింది.

1974లో ఒక్క ఏడాదే దేశంలో లక్షా ఎనభై ఎనిమిది వేల మందికి మశూచి సోకింది, ముప్పై ఒక్క వేలకి పైగా చనిపోయారు. ఎక్కువ బీహార్‌లో. టాటానగర్ నుంచి రైలెక్కిన కూలీలతో పాటు జబ్బు కూడా ఊళ్ళు తిరిగింది. టీకా కాగితం లేనివాళ్ళకి అక్కడ టికెట్ ఇవ్వని రోజులు. గరివిడి హౌరా–మద్రాసు లైను మీది ఊరు, ఇక్కడి వాళ్ళకి ఆ భయం అర్థమవుతుంది. జబ్బు మనిషి ఫొటో ఉన్న కార్డు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. కేసు చూపిస్తే బహుమతి యాభై రూపాయలతో మొదలై వెయ్యి దాకా పెరిగింది. 1975 మే తర్వాత ఇక్కడ పుట్టిన కేసు లేదు. 1980 మేలో ప్రపంచమంతా పోయిందని ప్రకటించారు. నిజంగా పెద్ద విజయం. దాని చివరి రెండేళ్ళలో బీహార్ పల్లెల్లో అర్ధరాత్రి తలుపులు విరగ్గొట్టి, మనుషుల్ని పట్టుకుని టీకా వేసిన సంగతులూ ఆ పనిచేసినవాళ్ళ నోటితోనే బయటికొచ్చాయి. రెండూ నిజమే.

రెండో మచ్చ కథ ఇంతకన్నా చిక్కు. నా భుజం మీద ఉన్నది కాబట్టి నాకు ఇదే ఎక్కువ ఆసక్తి.

బీసీజీలో మధ్య 'సీ', చివరి 'జీ' కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళవి. 1908 నుంచి పదమూడేళ్ళపాటు ఆవు క్షయ సూక్ష్మజీవిని పైత్యరసంలో ఉడికిన బంగాళాదుంప మీద రెండువందల ముప్పై సార్లు పెంచి పెంచి దాని కోరలు పీకారు. ఇక్కడా ఆవే! 1921లో పారిస్‌లో మొదటి శిశువుకి ఇచ్చారు. 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో పొరపాటున అసలు క్షయ క్రిమి కలిసిన మందు పడి డెబ్భై ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. తప్పు బీసీజీది కాదు, ప్రయోగశాలది. కానీ ఆ పేరుకి అంటిన భయం అంత తొందరగా పోలేదు.

యుద్ధం తర్వాత డెన్మార్క్ రెడ్‌క్రాస్, నార్వే, స్వీడన్ సంస్థలు, యునిసెఫ్ కలిసి ప్రపంచంలో పిల్లలందరికీ బీసీజీ వేయాలని బయల్దేరాయి. మన దేశంలో 1948లో మొదలుపెట్టిన చోటు తెలుగు నేలే, మదనపల్లె. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియాన్ని నిలబెట్టింది డేనిష్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. కొడుకు యొహానెస్ ఆ చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ ఎంత పనిచేస్తుందో ఏళ్ళ తరబడి లెక్కకట్టాడు. అదే ఏడాది గిండీలో మందు తయారీ మొదలైంది. జట్లు బళ్ళకి వచ్చేవి. ముందు పరీక్ష సూది, మూడు రోజుల తర్వాత చెయ్యి చూసి, వాపు లేనివాళ్ళకి టీకా.

ఎదురు తిరిగింది ఎవరో పల్లెటూరి ముసలమ్మ కాదు, రాజాజీ. 1952 నుంచి ఆంధ్ర విడిపోయేదాకా గరివిడికి కూడా ముఖ్యమంత్రి ఆయనే. పదవి దిగాక 1955లో బీసీజీని ఎందుకు వ్యతిరేకిస్తున్నానో చెబుతూ పుస్తకం వేశారు. బతికున్న క్రిమిని ఇన్ని కోట్లమంది పిల్లల ఒంట్లోకి పంపడానికి తగిన రుజువేదీ, తల్లిదండ్రుల్ని నిజంగా అడిగారా, క్షయ తిండి లేక, గాలి లేని ఇళ్ళ వల్ల వచ్చేది కాదా అని అడిగారు. కేంద్ర ఆరోగ్యమంత్రి అమృత్ కౌర్ వైపువాళ్ళు ఇది పాతకాలపు మూఢత్వమన్నారు. కార్యక్రమం ఆగలేదు.

కథ అక్కడితో అయిపోతే రాజాజీ ఓడిపోయినట్టే. కానీ 1968లో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా కలిసి చెంగల్పట్టు జిల్లాలో అంతకు ముందెన్నడూ లేనంత పెద్ద పరీక్ష పెట్టాయి. రెండున్నర లక్షలకి పైగా మనుషులు. 1979 నాటికి తేలిందేమిటంటే, పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయని ఆ టీకా అక్కడ ఆపలేకపోయింది. పసిపిల్లలకి మెదడు పొరలకి వచ్చే క్షయ, ఒళ్ళంతా పాకే క్షయ నుంచి మాత్రం కాపాడుతుంది. అందుకే ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు, పాపకీ వేశారు. అంటే మా అక్క భయపడాల్సిన పని లేదు. రాజాజీ అడిగిన ప్రశ్నలో మాత్రం సగం నిలబడింది. రాజాజీ శాస్త్రం బలహీనం, టీకాలన్నిటి మీదా ఆయనకి అపనమ్మకం ఎక్కువ. అయినా 'రుజువేదీ' అన్నవాణ్ణి మూఢుడని తోసేసి, రుజువు కోసం పదమూడేళ్ళ తర్వాత తీరిగ్గా వెతకడం సైన్సు కాదు. చెంగల్పట్టు ఫలితాన్ని దాచకుండా అచ్చువేశారు చూడండి, అది సైన్సు.

ఇప్పుడు గరివిడి అంటే బయటివాళ్ళకి ఫేకర్ ఫ్యాక్టరీ, మాంగనీసు, ఈమధ్య పశువైద్య కళాశాల. అమ్మమ్మకి ఒకప్పుడు నాలుగు ఆవులుండేవి. ఒకదానికి బాగోకపోతే కాలేజీ నుంచి కుర్ర డాక్టర్లు వచ్చారట. వాళ్ళంటే ఆవిడకి మంచి గురి.

నేను చదివిందంతా ఆవిడకి చెప్పాను. జెన్నర్ నుంచి బంగాళాదుంప దాకా. పాప పొక్కు అప్పటికి పక్కు కట్టి ఎండిపోతోంది. అమ్మమ్మ తన ముంజేతి మీద బొటనవేలు రాసుకుంటూ విన్నది.

"అయితే నాకేసిందీ ఆవుదేనేటి?"

"ఆవుదే."

"ఈ గుంటకేసిందీ?"

"అదీ ఆవుదే, అమ్మమ్మా. జబ్బు వేరు."

కాసేపు ఊరుకుంది. "ఆ ముక్క ఆయేళ ఆ టీకాలోడు సెప్పుంటే నాను జీడితోటలోకి పరుగెట్టకపోదును గదేటి" అంది.