తాళంచెవి నుంచి సంకేతం దాకా: కారు దొంగతన నిరోధానికి ఒక చరిత్ర

విషయ పరిచయం

పలాసలో బయలుదేరి ఇచ్ఛాపురం వైపు వెళ్ళే రైలుకు మొదట తగిలే చిన్న స్టేషన్ సుమ్మాదేవి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక తెల్లవారుజామును ఊహించుకోండి. రోగిని డయాలసిస్‌కు తీసుకువెళ్ళడానికి వచ్చిన అద్దె కారు ఇంటి ముందు నిలబడి ఉంది. డ్రైవరు తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజన్ ఒక్క క్షణం అందుకొని ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. బ్యాటరీ బాగుంది, డీజిల్ ఉంది. మీటరు బోర్డు మీద తాళంచెవి బొమ్మ ఉన్న చిన్న దీపం మాత్రం మినుకుమినుకుమంటోంది. కారు తన డ్రైవరునే దొంగగా లెక్కవేస్తోందన్నమాట.

ఈ పని చేసేది ఇమ్మొబిలైజర్. దొంగను ఆపడానికి పుట్టిన ఈ పరికరం యజమానినే ఎలా ఆపగలుగుతోంది? మూత్రపిండాల వ్యాధితో నలిగిన ఉద్దానంలో, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్ తప్పనివారికి ఇది పుస్తకంలోని ప్రశ్న కాదు. దీనికి జవాబు యంత్రంలో కొంత, చరిత్రలో కొంత ఉంది.

చేత్తో ఆపిన కాలం

తొలినాళ్ళ కార్లకు చెప్పుకోదగిన తాళమే లేదు. సెల్ఫ్ స్టార్టరుతో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కార్లకు తాళంచెవులు ఇచ్చినా, లక్షల కార్లకు కలిపి అవి సుమారు రెండు డజన్ల రకాలే. పైగా ఏ రకమో తెలిసేలా అంకె ముద్రించి ఉండేది. పక్కవాడి చెవి మన కారుకు పట్టే అవకాశం ఎంతో మీరే లెక్క వేసుకోండి. 1919లో అమెరికాలో ఇవాన్స్, బిర్కెన్‌బ్యూల్ అనే ఇద్దరు ఒక పేటెంట్ పొందారు. అది వరుసకు మూడు చొప్పున మూడు వరుసల స్విచ్‌ల పలక. సరైన స్విచ్‌లు నొక్కితేనే ఇంజన్‌కు కరెంటు అందుతుంది. తప్పు నొక్కితే హారన్ మోగుతుంది. నేటి ఇమ్మొబిలైజర్ ఆలోచనంతా అందులోనే ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ పని పౌరుల బాధ్యత అయింది. జర్మన్ సేనలు దిగుతాయన్న భయంతో 1940లో బ్రిటన్ ప్రభుత్వం, ఆపి వదిలిన ప్రతి కారునూ కదలకుండా చేసి వెళ్ళాలని ఆదేశించింది. జనం డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటరును జేబులో వేసుకొని వెళ్ళేవారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. కారును ఆపినదీ, తిరిగి నడిపించినదీ యజమాని చెయ్యే. మన అంబాసిడర్ల కాలమూ ఇంచుమించు ఇంతే. అరిగిన తాళంచెవి ఏ అంబాసిడర్‌కైనా పడుతుందని పాత డ్రైవర్లు నవ్వుతూ చెప్పుకొనేవారు. చెవి పోతే రెండు తీగలు కలిపి బండిని ఇంటికి చేర్చేవారు. దొంగకు తెలిసిన విద్యే మెకానిక్కుకూ తెలుసు.

చిప్ వచ్చిన తరువాత

1986 మోడల్ షెవర్లే కార్వెట్ తాళంచెవిలో జనరల్ మోటార్స్ ఒక చిన్న రెసిస్టర్ అమర్చింది. దాని విలువను కారు కొలిచి, సరిపోతేనే స్టార్ట్ కానిస్తుంది. విలువలు 15 మాత్రమే కావడంతో ఓపిక ఉన్న దొంగకు అది పెద్ద అడ్డు కాలేదు. ఆ తరువాత వచ్చినదే నేటి పద్ధతి. చెవి తలలో బ్యాటరీ లేని చిప్ ఉంటుంది. తాళం గొట్టం చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే అది శక్తి తీసుకొని తన సంకేతం చెబుతుంది. ఇంజన్ కంప్యూటర్ ఆ సంకేతాన్ని గుర్తించకపోతే ఇంధనాన్నో, స్పార్కునో ఆపేస్తుంది.

యూరప్ దేశాలు 1998 నుంచి కొత్త కార్లలో దీన్ని తప్పనిసరి చేశాయి. నెదర్లాండ్స్ లెక్కలను పరిశీలించిన వాన్ ఊర్స్, వొల్లార్డ్ అనే ఆర్థికవేత్తలు, దీనివల్ల 1995–2008 మధ్య కారు దొంగతనాల రేటు సగటున 40 శాతం తగ్గిందని అంచనా వేశారు. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికా. అక్కడ చట్టం అడగలేదు. పెనుకొండ కర్మాగారం వల్ల మనకు బాగా పరిచయమైన కియా, దాని సోదర సంస్థ హ్యుందాయ్ అక్కడ 2021 దాకా అనేక మోడళ్ళను ఈ పరికరం లేకుండానే అమ్మాయి. 2007 నుంచి చట్టం ఉన్న కెనడాలో మాత్రం అమర్చి అమ్మాయి. ఆ అమెరికన్ కార్లను దొంగిలించే పద్ధతి వీడియోల్లో పాకడంతో, 2023 ఫిబ్రవరిలో సుమారు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించాల్సి వచ్చింది. అప్పటికే ఆ దొంగతనాలతో ముడిపడి 8 మంది మరణించినట్లు అక్కడి రహదారి భద్రతా సంస్థ చెప్పింది. కాబట్టి ఈ పరికరమే అనవసరమనే వాదన నిలవదు.

సంకేతం ఎవరి చేతిలో?

అయితే సంకేతంతో పాటు అధికారం కూడా చేతులు మారింది. 1940లో రోటరు యజమాని జేబులో ఉండేది. ఇప్పుడు కొత్త చెవిని కారుకు పరిచయం చేసే పరికరం, రహస్య సంఖ్య కంపెనీ అధీనంలో ఉంటాయి. షెడ్డు మెకానిక్కు ఇంజన్ విప్పగలడు గాని ఆ మాట పలికించలేడు. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్కులకు అందనీయకపోవడం అందులో ప్రధానాంశం. తీర్పుపై అప్పీళ్ళు సాగాయి. నగరంలో ఈ వివాదం ఖర్చుకు సంబంధించినది. మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో అది దూరానికి కూడా సంబంధించినది. అవసరమైన పరికరం శ్రీకాకుళంలోనో విశాఖపట్నంలోనో ఉంటే, కదలని బండిని మరో బండి మీద ఎక్కించి జాతీయ రహదారి 16 మీద అంత దూరం మోసుకుపోవాలి.

ఇక మన డ్రైవరు దగ్గరికి వద్దాం. చెవి గుత్తిలో మరో చిప్ తాళం ఉంటే రెండు సంకేతాలు కలగాపులగం కావచ్చు. దాన్ని విడదీసి చూడాలి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కారైతే, రిమోట్ బ్యాటరీ అయిపోయినా రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్ళలో ఇంజన్ అందుకుంటుంది. బ్యాటరీ వోల్టేజీ బాగా పడిపోయినా కంప్యూటర్ తడబడుతుంది. తీరప్రాంతపు ఉప్పుగాలికి తీగచుట్ట కనెక్టరు పచ్చగా చిలుము పట్టిందేమో చూడాలి. ఇవేవీ కాకపోతే రెండో తాళంచెవి తెచ్చి తిప్పాలి. దానితో స్టార్ట్ అయితే లోపం మొదటి చెవిలోని చిప్‌దే. రెండోది ఉండగా మూడోది చేయించడం తేలిక. రెండూ పోతే పని చాలా పెద్దది. కారు దొంగతనం క్లెయిములో బీమా సంస్థలు కూడా రెండు చెవులూ చూపమంటాయి. ఆ రెండోది పలాసలో ఉంటున్న యజమాని బీరువాలో ఉందా, డ్రైవరు ఇంట్లో ఉందా అన్నదాని మీదే ఆ ఉదయం రోగి ఆస్పత్రికి వేళకు చేరడం ఆధారపడి ఉంటుంది.

అభ్యాసం: మీ ప్రాంతంలో 1990కి ముందు నుంచి కారు నడిపిన ఒక డ్రైవరును, ఒక షెడ్డు మెకానిక్కును కలవండి. తాళంచెవి పోయినప్పుడు అప్పుడు ఏం చేసేవారో, ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి 20 పంక్తులలో రాయండి.