భాగమతి కథ: అంతర్జాల సమాచారాన్ని తూచే పద్ధతి

ఈ భాగంలో మీరు ఒకే ఒక ప్రశ్న తీసుకొని, అంతర్జాలంలో సామాన్యులు రాసిపెట్టిన సమాచారాన్ని వెతకటం, పరీక్షించటం నేర్చుకుంటారు. ప్రశ్న మీరు ఎప్పుడో విన్నదే: హైదరాబాదుకు భాగ్‌నగర్ అనే పేరు భాగమతి వల్ల వచ్చిందా?

మీ ఫోనులో 'భాగమతి' అని వెతకండి. వీడియోలు, వికీపీడియా వ్యాసాలు, పోస్టులు వరుసగా వస్తాయి. చాలావాటిలో కథ ఒకటే. మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ అవతలి ఊరి నర్తకిని ప్రేమించాడు. 1591లో ఆమె పేరిట నగరం కట్టించాడు. ఇన్నిచోట్ల ఉంది కాబట్టి నిజమే అయి ఉంటుందని మీకు అనిపించవచ్చు. అక్కడే ఆగండి. పదిమంది చెప్పినా, ఆ పదిమందీ ఒకరి దగ్గరే విని ఉంటే సాక్షి ఒక్కడే.

మొదటి మెట్టు: ఈ మాట మొదట ఎవరు అన్నారు? అక్బరు రాయబారిగా 1591లో దక్కనుకు వచ్చిన కవి ఫైజీ తన నివేదికలో ఈ సంగతి రాశాడు. బిజాపూరులో ఉండి చరిత్ర రాసిన ఫెరిష్తా 17వ శతాబ్ది ఆరంభంలో దాన్నే చెప్పాడు.

రెండవ మెట్టు: వారికి ఎలా తెలుసు? ఫైజీ ఆ కాలంవాడే. కానీ అతని పని ఖాందేశ్, అహ్మద్‌నగర్ రాజ్యాలలో. గోల్కొండ కబుర్లు అతనికి విని తెలిసినవే. పైగా దక్కనుపై కన్నువేసిన చక్రవర్తి మనిషి. ఫెరిష్తా పొరుగు రాజ్యంవాడు. తరువాత వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దగ్గరికి వచ్చేసరికి రాణి పేరు 'నగర్'గా మారింది. చేతులు మారేకొద్దీ కబురు ఎలా మారుతుందో గమనించండి.

మూడవ మెట్టు: ఎదుటి వాదం ఏమిటి? ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు హెచ్.కె. షేర్వానీ ఈ కథను ఒప్పుకోలేదు. 'బాగ్' అంటే తోట. తోటల నగరం కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుందన్నాడు. నరేంద్ర లూథర్ మాత్రం భాగమతి నిజంగా ఉందని వాదించాడు. ఒక్క పక్షమే చెప్పే పేజీ మీకు సగమే చెప్పినట్టు.

ఇప్పుడు మీరు ఏమి రాయవచ్చు? 'భాగమతి ఉంది' అనీ కాదు, 'లేదు' అనీ కాదు. 'నగరం వెలిసిన తొలి రోజుల్లోనే ఈ కథ ప్రచారంలో ఉంది. ఆమె ఉనికిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు' అని రాయండి. ఆధారం ఎంతవరకు మోస్తే వాక్యం అంతవరకే నడవాలి.

వికీపీడియాను చూడవద్దని మేము అనటం లేదు. వ్యాసంతోపాటు దాని మార్పుల చరిత్రను, చర్చ పేజీని కూడా తెరవండి. ఏ వాక్యాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో, దేనిపై వాదించుకున్నారో అక్కడ కనిపిస్తుంది. అడుగున ఇచ్చిన ఆధారాలలో ఒక్కటైనా స్వయంగా చదవండి.

ఈ అలవాటు పరీక్ష కోసం మాత్రమే కాదు. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ సందేశాలు తెలంగాణ అంతటా పాకాయి. పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక రాత్రి గుంపు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై దాడి చేసింది. ఒకరు చనిపోయారు. ఆ జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. యంత్రం లెక్క మాత్రమే తగ్గించగలదు. 'ఇది మొదట ఎవరన్నారు? వారికెలా తెలుసు?' అని అడగవలసింది సందేశం అందుకున్న మనిషే. ఫైజీ నివేదికను మీరు అడిగిన ప్రశ్నలే అవి.

అభ్యాసం: మీ ఊరి పేరు వెనుక ఉన్న కథను అంతర్జాలంలో వెతకండి. పై మూడు మెట్లలో పరీక్షించి, మీ నిర్ణయాన్ని ఐదు వాక్యాలలో రాయండి.