అసూర్యంపశ్యలు: విజయనగర శుద్ధాంతంలో రాచకన్యలు

రాజుల స్త్రీగృహానికి అమరకోశం చెప్పిన పర్యాయపదాలలో అంతఃపురం, శుద్ధాంతం, అవరోధం ప్రసిద్ధమైనవి. మొదటిది స్థానాన్ని, రెండవది పావిత్ర్యాన్ని, మూడవది నిర్బంధాన్ని సూచిస్తాయి. సూర్యుణ్ణి సైతం చూడనివారు అనే అర్థంలో వ్యాకరణశాస్త్రం రాజపత్నులకు ‘అసూర్యంపశ్య’ అనే పదాన్ని ఉదాహరించింది. ఆ పదం గౌరవార్థంలోనే వాడబడింది. కాని ఆ గౌరవానికి మూల్యం చెల్లించినవారు ఆ స్త్రీలే.

ఆదోని దుర్గం, దాని చేరువనున్న కైరుప్పల సీమ ఒకప్పుడు విజయనగర సామ్రాజ్యంలోనివి. రాజధాని ఇక్కడికి పడమటి దిశగా తుంగభద్రాతీరాన వెలసింది. 1443లో ఆ నగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అక్కడి ఆచారాన్ని వర్ణించాడు. రాజ్యంలో ఎచ్చటనైనా సౌందర్యవతియైన కన్య ఉన్నదని తెలిస్తే, తల్లిదండ్రుల సమ్మతి పొంది, వైభవోపేతంగా ఆమెను అంతఃపురానికి తీసుకొనివచ్చేవారట. ఆ పిమ్మట ఆమెను ఎవరూ చూడజాలరు. ఆమెకు మర్యాదలు మాత్రం ఘనంగా జరిగేవి. ఈ వర్ణనలో తల్లిదండ్రుల సమ్మతి ఉన్నది, కన్య సమ్మతి ప్రస్తావన లేదు.

శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా రాణులు బయటకు వెళ్ళవలసివస్తే మూసిన పల్లకీలలోనే పయనించేవారని, పరపురుషుల దృష్టి వారిపై పడకుండా నపుంసక పరిచారకులు వెంట నడిచేవారని తెలిపాడు. అనంతరం వచ్చిన న్యూనిజ్ వ్రాతల ననుసరించి, ప్రాకారం లోపల లెక్కలు వ్రాసేవారు, కావలి కాసేవారు, మల్లయుద్ధం చేసేవారు సైతం స్త్రీలే. వారికి విద్య కొరవడలేదు, సామర్థ్యం కొరవడలేదు. కొరవడినది ద్వారం దాటే స్వేచ్ఛ.

వివాహం వారికి రాజనీతిలో ఒక అంగం. కళింగయుద్ధం ముగిసినప్పుడు ప్రతాపరుద్ర గజపతి సంధిలో భాగంగా తన కుమార్తెను రాయలకిచ్చి వివాహం చేశాడు; కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భూభాగాన్ని రాయలు గజపతికి తిరిగి అప్పగించాడు. రెండు రాజ్యాల నడుమ శాంతికి ఆధారమైన ఆ రాకుమార్తె పేరు సైతం చరిత్రలో ఒక్కటిగా నిలువలేదు. తుక్కాదేవి అని, జగన్మోహిని అని పలువిధాలుగా చెబుతారు. భర్త నిరాదరణకు గురియై ఆమె కంభంలో ఏకాకిగా జీవించిందని, అక్కడి మహాతటాకం ఆమె నిర్మింపజేసినదేనని జనశ్రుతి.

అవరోధంలోనూ తెరచియుండిన ద్వారాలు రెండు: దానధర్మం, సారస్వతం. 1513లో తిరుమలదేవి, చిన్నాదేవి శ్రీవేంకటేశ్వరునికి క్షీరనివేదనార్థం బంగారు గిన్నెలు సమర్పించినట్లు తిరుమల శాసనాలు చెబుతున్నాయి. అంతకు పూర్వం, పదునాలుగవ శతాబ్దంలో, కంపరాయల పత్ని గంగాదేవి భర్త విజయయాత్రను ‘మధురావిజయం’గా సంస్కృతంలో రచించింది. పదహారవ శతాబ్దంలో తిరుమలాంబ ‘వరదాంబికాపరిణయ’ చంపువును నిర్మించింది. ఈ ద్వారాలైనా లేని వందలాది కన్యల పేర్లు ఏ శిలపైనా నిలువలేదు.

ఈ నిర్బంధమే ధర్మమా? మహాభారతంలో అశ్వపతి మహారాజు తన కుమార్తె సావిత్రిని అంతఃపురంలో దాచలేదు. రథమిచ్చి వరాన్వేషణకై స్వయంగా పంపాడు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం సైతం, ఆప్తపురుషులు గృహంలో నిరోధించినంత మాత్రాన స్త్రీలు రక్షితలు కారని, తమను తాము రక్షించుకొనేవారే సురక్షితలని స్పష్టంగా చెప్పింది. కావున అవరోధం వంశప్రతిష్ఠ, రాజ్యభీతి కలిసి పెంచిన రాజాచారమే గాని సనాతనధర్మ లక్షణం కాదు.

ఇందుకు కైరుప్పల స్థలగాథ చక్కని నిదర్శనం. వీరభద్రస్వామి, కాళికాదేవి పరస్పరం ప్రేమించుకొన్నారని, వివాహంలో స్వామి జాప్యం చేయగా అమ్మవారి పక్షంవారు పిడకలతో ఆయనను ఎదిరించారని అక్కడి భక్తులు చెప్పుకొంటారు. ఏటా ఉగాది మరునాడు గ్రామస్థులు రెండు పక్షాలుగా విడిపోయి పిడకల సమరం జరుపుతారు. దెబ్బలు తగిలినవారు స్వామివారి విభూతి ధరిస్తారు. అనంతరం కల్యాణం జరుగుతుంది. ఆ గాథలో కన్య హృదయం వీధిలో అందరికీ తెలిసిన విషయం. ఆమె కోరిక నెరవేరాలని సగం ఊరు పోరాడుతుంది. దేవికి జనం ఇచ్చిన ఆ మాట, రాచనగరులో జన్మించిన కన్యకు దక్కలేదు. జగన్మాతను అర్చించే గృహంలో కుమార్తె సమ్మతిని అడగడం కూడా ఆ అర్చనలో భాగమే.