శివసముద్రం నుండి కోలారు గనులకు: విద్యుత్ ఉపకేంద్రం పాత్ర

కోలారు సీమ చరిత్ర చెప్పేటప్పుడు బంగారాన్ని, కావేరీ జలపాతాన్ని ప్రస్తావించని వారుండరు. ఈ రెంటినీ కలిపిన విద్యుత్ ఉపకేంద్రాన్ని స్మరించేవారు మాత్రం అరుదు. విద్యార్థులకు దాని పాత్రను తెలియజేయుటయే ఈ వ్యాసోద్దేశం.

పందొమ్మిదవ శతాబ్దం చివర జాన్ టేలర్ అండ్ సన్స్ నిర్వహణలోని గనులు ఆవిరి యంత్రాలపై ఆధారపడి ఉండేవి. వాటికి కట్టెలు, బొగ్గు సమకూర్చడం ఎంతో వ్యయంతో కూడిన పని. మైసూరు దివాన్ కె. శేషాద్రి అయ్యర్ కాలంలో, ఇంజనీరు జోలీ డి లాట్బినియర్ కృషితో, శివసముద్రం పథకం రూపుదిద్దుకున్నది. స్విట్జర్లాండు నుండి టర్బైన్లు, అమెరికా నుండి విద్యుత్ యంత్రాలు వచ్చాయి. దివాన్ 1901లో గతించారు. 1902 జూన్ 30న విద్యుత్తు 92 మైళ్ళు, అనగా సుమారు 148 కిలోమీటర్లు, ప్రయాణించి గనులను చేరింది. ఆనాటి ప్రపంచంలోని అతి దీర్ఘమైన విద్యుత్ మార్గాలలో ఇది ఒకటి.

ఇంత దూరం విద్యుత్తును పంపడం ఎట్లు సాధ్యమైనది? తీగలో ప్రవాహం పెరిగిన కొద్దీ శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. అదే శక్తిని రెట్టింపు వోల్టేజిలో పంపితే ప్రవాహం సగమై, నష్టం నాల్గవ వంతుకు తగ్గుతుంది. కనుక 2,200 వోల్టులలో పుట్టిన విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్లు 35,000 వోల్టులకు పెంచాయి. అయితే అంతటి వోల్టేజి నేరుగా యంత్రాలకు పనికిరాదు, ప్రాణాంతకం కూడా. గనుల వద్ద ఉపకేంద్రం దానిని తగ్గించి, వివిధ గనులకు పంచి ఇచ్చింది. నేటి ఉపకేంద్రం చేసే పనీ ఇదే. దీనికి తోడు, ఒక శాఖలో దోషం ఏర్పడితే ఆ శాఖను మాత్రమే వేరుచేసి, మిగిలిన ఊళ్ళను చీకటి నుండి కాపాడుతుంది.

ఇక్కడ గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. ఆ తీగల క్రింద ఎన్నో గ్రామాలు ఉండేవి. మిన్నున విద్యుత్తు పారుతున్నా, మన్నున ఆముదపు దీపాలే గతి. తీగ ఉన్నంత మాత్రాన దీపం వెలగదు. దించి పంచే కేంద్రం కావాలి. బెంగుళూరుకు 1905లో, మైసూరుకు 1908లో విద్యుద్దీపాలు వచ్చాయి. గనులకు నిరంతరాయంగా శక్తినందించడం కూడా ఒక ఉద్దేశంగా 1911లో కన్నంబాడి ఆనకట్ట నిర్మాణం సైతం ఆరంభమైనది. కాని అత్యధిక గ్రామాలు స్వాతంత్ర్యానంతరం వరకు నిరీక్షింపవలసి వచ్చింది. చిత్తూరు ప్రాంతం నుండి వలస వచ్చి గనులలో శ్రమించిన తెలుగువారి స్వగ్రామాల స్థితి కూడా ఇంతకంటె మెరుగుగా లేదు. శక్తిని ఉత్పత్తి చేయుట శాస్త్రజ్ఞుల విజయం. అది ఎవరి ముంగిట దిగవలెనన్నది పాలకుల నిర్ణయం. ఉపకేంద్రం వెలసిన చోటే ఆ నిర్ణయం కంటికి కనిపిస్తుంది.

2001లో ఆ బంగారు గనులు మూతపడ్డాయి. బంగారం తరిగిపోయినా, ఆ పథకం నేర్పిన పాఠం తరగలేదు. విద్య విషయంలోనూ ఇదే న్యాయం. మహా గ్రంథాలలోని జ్ఞానం ఎంత ఉన్నతమైనదైనా, పసివాని మాతృభాషలో, వానికి అందే స్థాయిలో దించి పంచే చోటు కావాలి. డెబ్బది అయిదేండ్లుగా మన తెలుగు పాఠశాల చేస్తున్న సేవ అదియే. ఇకముందును ఏ యింటి బిడ్డయు తీగ క్రింద చీకటిలో మిగిలిపోకుండ చూచుట మనందరి బాధ్యత.