లినక్స్ విండో మేనేజర్లలో తెలుగు

కంప్యూటర్ తెరమీద ప్రతి విండో చుట్టూ చట్రం గీసేదీ, దాని నెత్తిన పేరుపట్టీ పెట్టేదీ, లాగితే జరిపేదీ విండో మేనేజర్. విండోస్‌లో ఇది వ్యవస్థలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి వాడేవారికి దాని ఉనికే తెలియదు. లినక్స్‌లో చాలాకాలం పాటు ఇది విడి ప్రోగ్రాం. నచ్చకపోతే తీసేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

ఈ స్వేచ్ఛకు మూలం ఎక్స్ విండో వ్యవస్థ. 1984లో అమెరికాలోని ఎంఐటీలో అది మొదలైంది. దాని 11వ రూపం 1987లో వచ్చింది. తెరమీద గీయడానికి సాధనాలు ఇవ్వడమే తమ పని, విండోలు ఎలా కనిపించాలో శాసించడం కాదు అన్నది దాన్ని కట్టినవారి సూత్రం. అందుకే టీడబ్ల్యూఎం, ఎఫ్‌వీడబ్ల్యూఎం, విండో మేకర్ అంటూ ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చాయి. 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ మొదలయ్యాక విండో మేనేజర్ పూర్తి డెస్క్‌టాప్‌లో ఒక భాగమైంది. గ్నోమ్ రెండుమూడు మార్చి చూసి, చివరికి హావక్ పెన్నింగ్టన్ రాసిన మెటాసిటీ దగ్గర ఆగింది. అది చప్పగా ఉంటుందని ఆయనే రాసుకున్నారు. దాదాపు దశాబ్దం పాటు నిలబడింది మాత్రం ఆ చప్పదే.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా పేరుపట్టీ మీదికి ఎక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది. పాత విండో మేనేజర్లు విండో పేరును ప్రధానంగా లాటిన్ అక్షరాల లెక్కలో చదివేవి. కేడీఈ, గ్నోమ్ వర్గాలు కలిసి కూర్చుని రాసుకున్న ఉమ్మడి నియమావళి వచ్చాకే పేరును యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8లో పంపే మార్గం స్థిరపడింది. అంతటితో అయిందా? ‘క్ష్మి’ లాంటి సంయుక్తాక్షరాన్ని, ఒత్తుల్ని, గుణింతాల్ని సరిగ్గా కూర్చాలంటే పాంగో లాంటి లైబ్రరీ కావాలి. ఖతులూ కావాలి. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఆ లోటు తీర్చాయి. రెడ్ హ్యాట్ 2004లో లోహిత్ ఖతుల్ని జీపీఎల్ కింద విడుదల చేసింది. ఇటీవలి ఉచిత ఖతుల్లో తెనాలి రామకృష్ణుడి పేరిటా ఒకటుంది. టైపు చేయడానికి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టినది, లినక్స్‌లోకీ వచ్చింది.

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ (మొదటి పేరు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్) 2005లో ఇలాంటి ముక్కల్ని కలిపి అదే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. ఇంగ్లీషు రానివాళ్లూ కంప్యూటర్ వాడాలన్నది దాని ఉద్దేశం. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ, ఇంజనీరింగ్ విద్యార్థులే కలిసి కట్టిన ఈ-స్వేచ్ఛ తర్వాత వచ్చాయి.

విడుదల ఒక రోజు పండుగ. నిర్వహణ అలా కాదు.

గ్నోమ్ ఏటా రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, కొత్త విడుదల ఇస్తుంది. దానికి కొన్ని వారాల ముందు తెరమీద కనిపించే మాటల్ని స్తంభింపజేస్తారు. మిర్చియార్డులో వేలం పూర్తయిన బస్తాలో కాయ మార్చనట్టే, ఆ తర్వాత నిర్వాహకులు అనుమతి లేకుండా ఒక్క మాటా మార్చకూడదు. అనువాదకులకు దొరికే గడువు అదే. మెటాసిటీ వారసుడైన మట్టర్‌లోనూ తెలుగు మాటలు te.po అనే చిన్న ఫైల్లో ఉంటాయి. ఫలానా ప్రోగ్రాం స్పందించడం లేదన్న హెచ్చరికలో ప్రోగ్రాం పేరుకు బదులు %s అనే గుర్తు ఉంటుంది. దాన్ని అనువాదకుడు పొరపాటున వదిలేస్తే పరీక్షలో ఫైలు తప్పుతుంది. మెనూలో అక్షరం కింద గీతతో చూపే మీట గుర్తు తెలుగు లిపికి ఒదగదు. అందుకని తెలుగు మాట పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు అక్షరం పెట్టడం వాడుకైంది. అందంగా ఉండదు, పని మాత్రం జరుగుతుంది. మొత్తం మాటల్లో కనీసం 80 శాతం అనువాదమైన భాషనే గ్నోమ్ చాలాకాలం తన విడుదల ప్రకటనలో లెక్కలోకి తీసుకునేది. ఒకసారి ఆ గీత దాటిన భాష, కొత్త మాటలు చేరాక ఎవరూ పట్టించుకోకపోతే, తర్వాతిసారి కిందికి జారిపోయేది.

చిన్న విండో మేనేజర్ల కథ వేరు. 2006లో మొదలైన డీడబ్ల్యూఎం నిర్వాహకులు కోడు 2,000 వరుసలు దాటకూడదని పట్టుబట్టారు. ఆ పొదుపులో పాంగోకు చోటు లేదు. దాంతో అందులో విండో తెలుగు పేరు ఒత్తులు చెదిరి కనిపిస్తుంది. 2009లో వచ్చిన ఐ3 పాంగోను చేర్చుకుంది కాబట్టి ఆ చిక్కు లేదు. నిర్వాహకుడు ఏ లైబ్రరీ ఎంచుకున్నాడన్న దాన్ని బట్టి ఒక భాష బతుకు మారిపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో విండో మేనేజరూ, తెరను కూర్చే ప్రోగ్రామూ ఒకటే అయిపోయాయి. ఫెడోరా 2016లోనే గ్నోమ్‌కు దాన్ని ప్రధానం చేసింది. తెలుగు మీటల అమరికలు పాత ఎక్స్ కాలపు పద్ధతిలోనే కొనసాగుతున్నా, ఇన్‌పుట్ పద్ధతులు కొత్త నియమాలకు మారాల్సి వచ్చింది.

అనువాదం కాని మాట ఉంటే ప్రోగ్రాం ఆగదు, ఆ చోట ఇంగ్లీషు చూపించి ముందుకు పోతుంది. మెనూలో అలాంటి మాట కనిపిస్తే, తెలుగు చదవగలిగిన ఎవరైనా గ్నోమ్ తెలుగు బృందంలో చేరి మార్చికో సెప్టెంబరుకో దాన్ని సరిచేయవచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కరలేదు.